రేపటి పొగమంచే చెప్పలేని వాళ్లు 2100 సంగతి ఎలా చెప్తారు?

రెక్కలబండి | శనివారం మధ్యాహ్నం

ముందు జరిగింది చెప్తాను, తర్వాత తిట్టేవాళ్లు తిట్టండి. నిన్న రాత్రి పడుకునే ముందు టాఫ్ (విమానాశ్రయానికి ఇచ్చే వాతావరణ అంచనా) చూశాను. విజిబిలిటీ 10 కిలోమీటర్ల పైమాటే, మబ్బు లేదు, గాలి 4 నాట్లు. తెల్లవారుజామున లేచి చూస్తే అదే మాట. విమానాన్ని హ్యాంగర్‌లోంచి లాగి, ఇంధనం చూసుకుని, చెక్‌లిస్టు సగంలో ఉండగా రన్‌వే అవతలి కొస కనిపించడం మానేసింది. ఇంకో పది నిమిషాలకి ఇవతలి కొస కూడా. మెటార్‌లో (అప్పటికప్పుడు కొలిచి ఇచ్చే వాతావరణ రిపోర్టు) విజిబిలిటీ 300 మీటర్లు. నేను కుర్చీ వేసుకుని కూర్చున్న అరగంటకి టాఫ్ సవరించారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు.

ఆ కుర్చీలో మూడు గంటలు కూర్చుంటే పుట్టిన ప్రశ్న ఇది. ఒక్క రన్‌వే మీద ఆరు గంటల తర్వాత ఏమవుతుందో చెప్పలేకపోయారు. అదే శాస్త్రం వాళ్లు 2100 నాటికి భూమి ఎంత వేడెక్కుతుందో పాయింటు పక్కన అంకెతో సహా చెప్తున్నారు. నేను సైన్సుకి వ్యతిరేకిని కాను, రెక్కల కింద గాలి మీద నమ్మకంతోనే ఎగురుతున్నా. కానీ ఇది ఎలా నమ్మాలో ఎవరైనా చెప్పండి.

ఒప్పుకోను | శనివారం మధ్యాహ్నం

ఎన్నాళ్ల నుంచో నేను అంటున్నది ఇదే. లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1961లో కంప్యూటర్‌లో 0.506127 బదులు 0.506 అని కొట్టాడు. అంత చిన్న తేడాకి వాతావరణం మొత్తం వేరే దారి పట్టింది. రెండు వారాలు దాటితే చెప్పలేమని వాళ్ల పుస్తకాల్లోనే ఉంది. మరి ఎనభై ఏళ్లు ఎలా చెప్తారు? 70ల్లో మంచుయుగం వస్తుందన్నదీ వీళ్లే. పైగా వేడి కొలిచే థర్మామీటర్లు చాలాచోట్ల ఎక్కడున్నాయో పైలట్లకి తెలియంది కాదు. తారు, కాంక్రీటు, జెట్ల పొగ మధ్య, మన విమానాశ్రయాల్లోనే.

సోలోకి_రెండువారాలు | శనివారం సాయంత్రం

అన్నా, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. గ్రౌండ్ క్లాసులో టాఫ్‌లో ప్రాబ్ 30, ప్రాబ్ 40 (30, 40 శాతం అవకాశం) అని రాస్తారని చెప్పారు. ప్రాబ్ 50, ప్రాబ్ 70 ఎందుకు ఉండవు? అడిగితే "రూలు అంతే" అన్నారు.

డిస్పాచ్_రాత్రిడ్యూటీ | శనివారం రాత్రి

చెల్లీ, 30 శాతం కన్నా తక్కువైతే విమానయానానికి చెప్పాల్సినంత కాదని వదిలేస్తారు. 50కి చేరిందంటే ఇక అవకాశం అనరు, వస్తుందనే లెక్కలో బీకమింగ్ (మారి అలాగే ఉంటుంది) అనో టెంపో (కాసేపు వచ్చి పోతుంది) అనో రాస్తారు. మిగిలినవి 30, 40 మాత్రమే. టెంపో అన్నా ఊరికే రాయరు. ఒక్కో విడత గంట లోపు ఉండాలి, అన్నీ కలిపినా ఆ వ్యవధిలో సగం దాటకూడదు.

విమానాల ప్లాన్లు వేసే నాలాంటి వాడికి ఈ ముప్పై అంటే ఇంధనం. ప్రాబ్ 30 పొగమంచు కనిపిస్తే ఆల్టర్నేట్ (అక్కడ దిగలేకపోతే వెళ్లే వేరే విమానాశ్రయం) మార్చి చూస్తాను, కెప్టెన్ ఇంకాస్త ఇంధనం అడుగుతాడు. ఆ అదనపు బరువు మోయడానికే గంటకి అందులో 3, 4 శాతం కాలిపోతుంది. పొగమంచు రాకపోతే మర్నాడు మేనేజర్ "ఎందుకు మోశారు" అంటాడు. వస్తే ఎవరూ ఏమీ అనరు. టాఫ్ తప్పని తిట్టేటప్పుడు ఇదొకటి గుర్తుంచుకోవాలి. అది "వస్తుంది, రాదు" అనే జోస్యం కాదు. ఎంత మోయాలో తేల్చుకోవడానికి ఇచ్చే కాగితం.

మబ్బులలెక్క | శనివారం రాత్రి

నేను విమానాశ్రయాలకి టాఫ్‌లు రాసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. రెక్కలబండి గారు, మీ టాఫ్ రాసింది నేను కాదు గానీ తప్పు తప్పే. కనీసం ప్రాబ్ 30 ఉండాల్సింది. సవరణ ఆలస్యం కావడం ఇంకా పెద్ద తప్పు.

అయినా ఆ పొగమంచు ఎంత సన్నని తాడు మీద నడుస్తుందో చెప్పాలి. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడిని వదిలేస్తుంది. ఉష్ణోగ్రత దిగి డ్యూ పాయింట్‌ని (గాలిలో తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) తాకితే మంచు కడుతుంది. మా అంచనా ఒక్క డిగ్రీ తేడా వస్తే చాలు, కట్టాల్సింది కట్టదు, కట్టకూడనిది కడుతుంది. గాలి అసలు లేకపోతే తేమ నేల మీదే మంచు బిందువులై ఆగిపోతుంది. కొంచెం వీస్తే పైకి కలిసి చిక్కబడుతుంది. ఇంకాస్త వీస్తే చెదిరిపోతుంది. 2 నాట్లకీ 6 నాట్లకీ మధ్య మీ ఉదయం మొత్తం ఉంది. యూరప్ వాతావరణ అంచనా కేంద్రం వాళ్ల ప్రధాన కంప్యూటర్ మోడల్ భూమిని గడులుగా విడగొడుతుంది, ఒక్కో గడి సుమారు 9 కిలోమీటర్లు. మీ రన్‌వే, పక్కన పల్లం, దాని తేమ అన్నీ ఒకే గడిలో కలిసిపోతాయి. అక్కడి నుంచి మనిషి అనుభవమే దిక్కు.

ఎంత తప్పు ఉండొచ్చో దాచిందేమీ లేదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మూడో అనుబంధంలోనే ఆశించే కచ్చితత్వం రాసి ఉంది. గాలి దిశ 20 డిగ్రీల లోపు, వేగం 5 నాట్ల లోపు తేడాతో నూటికి 80 సార్లు సరిపోతే మంచి టాఫ్. మేఘాల ఎత్తుకైతే 70 సార్లే. అంటే మమ్మల్ని నమ్మమని చెప్పిన పుస్తకమే, ఐదింట ఒకసారి గాలి తప్పొచ్చని ఒప్పుకుంటోంది.

ఎడమసీటు | ఆదివారం ఉదయం

నిన్న ఫ్లైట్‌లో ఉన్నా, ఇప్పుడే చూశా. 2100 ప్రశ్నకి నా వాటా.

టర్బులెన్స్‌లో తర్వాతి కుదుపు ఏ సెకనుకి వస్తుందో నన్ను అడిగితే చెప్పలేను. అదే విమానంలో ఇంకో ఐదు టన్నులు ఎక్కించి, టేకాఫ్ రోల్ పెరుగుతుందా తగ్గుతుందా అంటే నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఎంత పెరుగుతుందో పట్టిక చూసి చెప్తాను. కుదుపు తెలియని వాడికి బరువు సంగతేం తెలుసని ఎవరైనా అంటే బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడమే. లోరెంజ్ చెప్పింది కుదుపు గురించి. ఇప్పుడు ఏముందో కొంచెం తప్పుగా తెలిస్తే రెండు వారాల తర్వాతి మంగళవారం తప్పుతుంది. కార్బన్ డయాక్సైడ్ సంగతి బరువు లెక్క. లోపలికి వచ్చే వేడి, బయటికి పోయే వేడి, మధ్యలో మనం ఎక్కించిన సరుకు.

ఇంకోటి. నేల దగ్గర పొగమంచు అంచనా తప్పుతుంది గానీ పై గాలుల అంచనా అలా తప్పదు. లండన్, వాషింగ్టన్ కేంద్రాలు ఇచ్చే ఎగువ గాలుల అంచనాల మీదే ప్రపంచమంతా ఫ్లైట్ ప్లాన్లు వేస్తుంది. తొమ్మిది గంటల ప్రయాణంలో కంప్యూటర్ చెప్పిన సమయానికి నేను కొద్ది నిమిషాల అటూ ఇటూగా దిగుతుంటాను. ఆ రోజు ఎవరూ వచ్చి "శభాష్, మీ అంచనా నిజమైంది" అనరు.

ఒప్పుకోను | ఆదివారం ఉదయం

కెప్టెన్ గారి పోలిక బాగుంది. కానీ పోలిక రుజువు కాదు. మీ బరువు పట్టిక టెస్ట్ పైలట్లు ఎగిరి చూసి రాసింది. వాతావరణ మోడల్‌ని ఎవరు ఎగిరి చూశారు? ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు ఉంది వ్యవహారం.

థర్మామీటర్ల మాటకి ఎవరూ జవాబివ్వలేదు. బ్రిటన్‌లో 2022 జులై 19న 40.3 డిగ్రీల రికార్డు కోనింగ్స్‌బీలో. అది వైమానిక దళ స్థావరం. పక్కనే ఫైటర్ జెట్లు.

మబ్బులలెక్క | ఆదివారం మధ్యాహ్నం

మంచి ప్రశ్న. ఎగిరి చూశారు.

మనాబే, వెదరాల్డ్ అనే వాతావరణ శాస్త్రవేత్తలు 1967లో, ఈరోజు మన చేతిలో ఉండే ఫోన్‌కి కూడా సాటిరాని కంప్యూటర్ మీద లెక్కవేసి, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే నేల దగ్గర సుమారు 2.3 డిగ్రీలు పెరుగుతుందన్నారు. దాంతోపాటు ఎవరూ ఊహించని మాట ఒకటి అన్నారు: స్ట్రాటోస్ఫియర్ (వాతావరణంలో పై పొర) చల్లబడుతుందని. సూర్యుడి వేడి పెరగడమే కారణమైతే పైనా కిందా రెండూ వేడెక్కాలి. కారణం ఈ వాయువైతే కింద వేడి, పైన చలి. ఆ తర్వాత దశాబ్దాలపాటు బెలూన్లు, ఉపగ్రహాలు కొలిచాయి. పైన చల్లబడింది. ఓజోన్ తరుగు వాటా కూడా అందులో ఉంది, కానీ ఓజోన్ ప్రభావం తక్కువగా ఉండే ఎత్తుల్లోనూ చల్లబడింది. మనాబేకి 2021లో నోబెల్ ఇచ్చింది ఈ పనికే.

1970 నుంచి 2007 దాకా వచ్చిన 17 మోడల్ అంచనాలని తర్వాత అసలు ఉష్ణోగ్రతలతో పోల్చి చూశారు. పదింటి అంచనాలు నేరుగా సరిపోయాయి. మనుషులు నిజంగా వదిలిన వాయువుల లెక్క సరిచేస్తే 14. నూటికి నూరు కాదు. మా టాఫ్ లెక్కకి దగ్గర్లోనే ఉంది కదా!

మంచుయుగం సంగతి: 1965 నుంచి 1979 దాకా వచ్చిన పరిశోధన పత్రాలు తిరగేసినవాళ్లకి చల్లబడుతుందన్నవి 7, వేడెక్కుతుందన్నవి 44 దొరికాయి. పత్రికల ముఖచిత్రాల మీదికి ఎక్కింది మాత్రం ఆ ఏడు.

డిస్పాచ్_రాత్రిడ్యూటీ | ఆదివారం మధ్యాహ్నం

కోనింగ్స్‌బీ గురించి. అదే రోజు లండన్‌లోని సెయింట్ జేమ్స్ పార్కూ, క్యూ గార్డెన్సూ 40 దాటాయి. అక్కడ ఏ జెట్టూ ట్యాక్సీ చేయదు. ముందు రోజు లూటన్‌లో ఎండకి రన్‌వే ఉపరితలం చెడి విమానాలు ఆపేశారు. రన్‌వే పాడవడానికి థర్మామీటర్ ఎక్కడ పెట్టారన్నది అడ్డు రాలేదు.

అయితే ఒప్పుకోను గారి మాటలో సగం నిజం ఉంది. కాంక్రీటు పక్కన వేడి ఎక్కువే. అందుకే సముద్రాలని, ఉపగ్రహాలని విడిగా చూస్తారు. అలబామాలో స్పెన్సర్, క్రిస్టీ ఉపగ్రహాలతో నడిపే రికార్డు ఉంది. ఇద్దరూ వాతావరణ భయాలని ఎప్పుడూ ప్రశ్నించేవాళ్లే. వాళ్ల అంకెల్లోనూ పదేళ్లకి సుమారు 0.15 డిగ్రీల పెరుగుదల ఉంది. రిచర్డ్ ముల్లర్ అనే భౌతిక శాస్త్రవేత్త కూడా మీలాగే థర్మామీటర్ల మీద అనుమానంతో బర్క్‌లీలో సొంతంగా మొత్తం లెక్క మళ్లీ చేశాడు. 2012కల్లా వేడెక్కడం నిజమే, కారణం మనుషులే అని రాశాడు.

మోడరేటర్ | ఆదివారం మధ్యాహ్నం

ఒక పోస్టు తీసేశాను. పార్టీలు, నాయకులు ఇక్కడ వద్దు. వాతావరణం, ఎగరడం, అంతే.

సోలోకి_రెండువారాలు | ఆదివారం సాయంత్రం

ఇంత చదివాక భయం ఎక్కువైంది. 80 శాతం సరైతే చాలు అంటే నా సోలో (మొదటిసారి ఒంటరిగా ఎగిరే) రోజు మిగతా 20లో పడితే?

మబ్బులలెక్క | ఆదివారం సాయంత్రం

శాతం అనే మాటని చూసి భయపడకమ్మా, మురిసిపోకు కూడా. దీనికి ఒక పాత కథ ఉంది. 1884లో అమెరికాలో ఫిన్లీ అనే సైనికుడు టోర్నడోలకి అంచనాలు ఇచ్చి, 96.6 శాతం సరయ్యాయని ప్రకటించుకున్నాడు. మొత్తం 2803 అంచనాలు. తర్వాత ఒకాయన లెక్కవేసి, "టోర్నడో రాదు" అని రోజూ కళ్లు మూసుకుని రాసేసినా 98.2 శాతం సరయ్యేది అన్నాడు. నిజంగా వచ్చిన 51 సార్లలో ఫిన్లీ పట్టుకున్నది 28. నా కంటికి ఆ 28 గొప్పవే. కానీ ఆయన చాటుకున్న శాతంలో ఆ గొప్ప కనిపించదు.

అందుకే ఏడాదికి పది రోజులు మంచు కట్టే చోట "మా టాఫ్ 97 శాతం కరెక్ట్" అని ఎవరైనా అంటే ఆ పది రోజులు ఏమయ్యాయని అడగాలి. రెక్కలబండి గారి కోపానికి మూలం కూడా ఇదే. ఆయనకి కావలసింది మిగతా 355 కాదు.

నీ సోలో అయితే తేట రోజు, పగలు, సర్క్యూట్‌లోనే (రన్‌వే చుట్టూ), పక్కన ఇన్‌స్ట్రక్టర్ రేడియో పట్టుకుని ఉంటాడు. టాఫ్ తప్పినా నువ్వు రన్‌వేకి రెండు నిమిషాల దూరంలో ఉంటావు.

ఒప్పుకోను | ఆదివారం రాత్రి

ముల్లర్ సంగతి తెలుసు. ఆయన మారాడు కాబట్టి నేనూ మారాలా? సందేహించడమే తప్పన్నట్టు మాట్లాడకండి. శాస్త్రంలో అందరూ ఒకటే అన్నప్పుడు ఒక్కడు కాదని, వాడే నిజమైన సందర్భాలు లేవా?

ఎడమసీటు | సోమవారం ఉదయం

ఉన్నాయి. మన రంగంలోనే ఉంది. 1975 జూన్‌లో న్యూయార్క్‌లో ఈస్టర్న్ 66 అనే విమానం దిగబోతూ కూలింది. వందమందికి పైగా పోయారు. పైలట్ తప్పే అనేలా మాటలు నడుస్తుంటే, టెట్సుయా ఫుజిటా వచ్చి, మేఘంలోంచి గాలి కుండపోతగా నేల మీద పడి నలువైపులా చిమ్మింది అన్నాడు. తోటి వాతావరణ శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. తెలిసిన గాలికే కొత్త పేరు పెడుతున్నాడన్నారు. ఆయన ఏం చేశాడు? 1978లో షికాగో దగ్గర గాలి కదలికని కొలిచే డాప్లర్ రాడార్లు పెట్టించి ఆ గాలిని, అంటే మైక్రోబరస్ట్‌ని పట్టుకున్నాడు. 1982లో డెన్వర్ దగ్గర ఇంకా చాలా దొరికాయి. 1985లో డెల్టా 191 విమానం డాలస్‌లో అలాంటి గాలికే కూలాక ఇక వాదించేవాడు లేడు. ఇవాళ కాక్‌పిట్‌లో "విండ్‌షియర్, విండ్‌షియర్" (గాలి ఒక్కసారిగా మారుతోంది) అని అరిచే గొంతు ఉందంటే ఆయన పట్టుదల వల్ల కూడా.

ఫుజిటా ఒంటరిగా నిలబడ్డాడు నిజమే, కానీ రాడార్ తెచ్చి నిలబడ్డాడు. మీరు కూడా పొరపాటు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి, నేను వింటాను.

ఒప్పుకోను | సోమవారం ఉదయం

వేలు పెడతా. మేఘాలు. వాటిని మోడళ్లు సరిగ్గా పట్టలేవని మబ్బులలెక్క గారే ఇందాక అన్నారు, గడి 9 కిలోమీటర్లని. 2100 సంగతి చెప్పే మోడళ్ల గడులు అంతకన్నా ఎంతో పెద్దవి. తప్పా?

మబ్బులలెక్క | సోమవారం మధ్యాహ్నం

తప్పు కాదు. ఇది మీకు నూటికి నూరు మార్కులు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఎంత పెరుగుతుందన్న దానికి 1979లో ఇచ్చిన పరిధి 1.5 నుంచి 4.5. నలభై ఏళ్ల తర్వాత ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం (ఐపీసీసీ) 2021 నివేదికలో 2.5 నుంచి 4. ఇంకా అంత వెడల్పు ఉండటానికి ప్రధాన కారణం మేఘాలే. అంతే కాదు, ఆ విడత మోడళ్లలో కొన్ని మరీ వేడిగా పోతున్నాయని నిపుణులే గుర్తించి, వాటి సగటుని అలాగే తీసుకోకుండా వేరే ఆధారాలతో బిగించారు.

కాకపోతే ఒకటి చూడండి. పరిధి వెడల్పుగా ఉంది, సరే. కింది అంచు సున్నా కాదు. టాఫ్‌లో మేఘాల ఎత్తు 400 అడుగులా 800 అడుగులా అని నేను తేల్చలేకపోతే మీరు మబ్బు లేదనుకుని బయల్దేరరు కదా.

రెక్కలబండి | సోమవారం రాత్రి

నేను మొదలుపెట్టి పారిపోయానని అనుకోకండి, అన్నీ చదువుతున్నా. బరువు, కుదుపు మాట బుర్రకెక్కింది. మేఘాల దగ్గర ఒప్పుకోను గారి వైపే ఉన్నా. ఒక్క సందేహం: ఇదంతా నిజమైతే మనకి, ఎగిరేవాళ్లకి, కనిపించాలి కదా. మీకెవరికైనా కనిపించిందా?

ఎడమసీటు | మంగళవారం ఉదయం

నా అనుభవం అడిగితే కుదుపులు పెరిగినట్టే ఉంది. కానీ నా అనుభవాన్ని నమ్మకండి. నడుం నొప్పి వచ్చిన వయసులో అన్ని కుదుపులూ పెద్దవే.

రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో లెక్క చెప్పారు. ఉత్తర అట్లాంటిక్ మీద ఒక బిందువు దగ్గర తీవ్రమైన క్లియర్ ఎయిర్ టర్బులెన్స్ (మబ్బు లేని చోట వచ్చే కుదుపు) 1979లో ఏడాదికి సుమారు 17.7 గంటలుంటే 2020కి 27.4 గంటలైందని. అంటే 55 శాతం పెరుగుదల. అయినా ఏడాదిలో 27 గంటలే, భయపెట్టే సంఖ్య కాదు. 2024 మేలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ 321లో ఒక ప్రయాణికుడు చనిపోయినప్పుడు చాలామంది వెంటనే వాతావరణ మార్పు అన్నారు. ఒక్క సంఘటనకి అలా ముద్ర వేయడం నాకు నచ్చదు. పొగమంచు తప్పింది కాబట్టి అంతా అబద్ధం అనడానికి ఇది అద్దంలో బొమ్మ.

కచ్చితంగా చూపగలిగేది వేడి. 2017 జూన్ 20న ఫీనిక్స్‌లో 49 డిగ్రీలు వస్తాయన్న అంచనాతో నలభైకి పైగా చిన్న జెట్ల సర్వీసులు రద్దు చేశారు. ఆ విమానాలకి తయారీదారు ఇచ్చిన గరిష్ఠ ఉష్ణోగ్రత దానికి కాస్త తక్కువ. పట్టికలో ఆ పైన గడి లేదు. గడి లేకపోతే ఎగరకూడదు, అంతే.

సోలోకి_రెండువారాలు | మంగళవారం సాయంత్రం

ఇది నాకు తెలుసు! సముద్ర మట్టం దగ్గర ప్రామాణిక ఉష్ణోగ్రత 15. ఒక్కో డిగ్రీ ఎక్కువకి డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచనని బట్టి లెక్కకట్టే ఎత్తు) సుమారు 120 అడుగులు పెరుగుతుంది. 35 డిగ్రీలుంటే 2400 అడుగుల ఎత్తున ఉన్నట్టు ఇంజిన్ మూలుగుతుంది. మొన్న మధ్యాహ్నం మా ఇన్‌స్ట్రక్టర్ నాతో లెక్క చేయించి, "దిగు, సాయంత్రం చూద్దాం" అన్నారు. ఆ రోజు ఉష్ణోగ్రత అంచనా మాత్రం డిగ్రీ తేడా లేకుండా నిజమైంది, నా ఖర్మ.

రెక్కలబండి | ఐదు వారాల తర్వాత

పాత థ్రెడ్ లేపుతున్నా. ఆ శనివారం తర్వాత ఒక నోటుపుస్తకం పెట్టుకున్నా. రోజూ రాత్రి టాఫ్‌లో ఏముందో రాయడం, పొద్దున్న ఏమైందో పక్కన రాయడం. 34 రోజులు.

మొదలుపెట్టే ముందు ఎవరైనా అడిగితే, రోజు విడిచి రోజు తప్పుతుంది అనేవాణ్ణి. పొగమంచుకి ప్రాబ్ 30 రాసిన రాత్రులు ఆరు. వచ్చింది రెండుసార్లు. అసలు మాటే ఎత్తకుండా వచ్చింది ఒక్కసారి, అదీ నలభై నిమిషాల్లో పోయింది. గాలి దిశ తప్పింది చాలాసార్లు, కానీ 3, 4 నాట్ల గాలి ఎటు వీస్తే నాకేంటి. నాకు గుర్తుండిపోయినవన్నీ కుర్చీలో కూర్చున్న ఉదయాలే. ఎగిరి వెళ్లిపోయిన ఉదయాలు ఒక్కటీ గుర్తు లేదు.

మబ్బులలెక్క | అదే రాత్రి

ఆరింట రెండు అంటే 33 శాతం. మా వాళ్లకి చూపిస్తే ఫ్రేమ్ కట్టించుకుంటారు. కానీ ఆరు చాలా తక్కువ. నాలుగుసార్లు వచ్చినా, ఒక్కసారీ రాకపోయినా నేను ఆశ్చర్యపోను. కనీసం రెండు శీతాకాలాలు రాయండి.

ఒప్పుకోను | అదే రాత్రి

చూశారా, 34 రోజులు చాలవని ఆయనే అంటున్నారు. ఎవరి ఎండకి వాళ్లు గొడుగు పట్టడం. సరే, పోనీ, ఆ నోటుపుస్తకంలో గడులు ఎలా గీశారో ఫోటో పెట్టండి, నేనూ రాస్తా. గాలి దిశకి విడి గడి పెట్టండి, అక్కడే దొరుకుతారు వాళ్లు.

రెక్కలబండి | అదే రాత్రి

రేపు పెడతా. ఇవాళ్టి టాఫ్‌లో ప్రాబ్ 30 ఉంది, తెల్లవారుజామున 4 నుంచి 7 దాకా. ఎనిమిదింటికి ప్లాన్ ఫైల్ చేశా. కుర్చీ లోపల పెట్టలేదు.